యూపీఎస్ అంకెల్లో మాట్లాడుతుంటే

ప్రశ్న: మేడమ్, నేను ఓ ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. సర్వర్ రూమ్‌లో ఏపీసీ యూపీఎస్ ఉంది. జాబిక్స్ అనే, పరికరాలను గమనించే సాఫ్ట్‌వేర్‌తో కనిపెట్టుకుని ఉంటున్నాం. కరెంటు పోయినప్పుడల్లా ‘1.3.6.1.4.1.318.0.5’ అని మెసేజ్ వస్తోంది. రాత్రి డ్యూటీ అబ్బాయికి అదేంటో తెలియదు. కంపెనీ ఇచ్చిన, అంకెలకి అర్థాలు రాసి ఉండే మిబ్ ఫైల్లో వెతికినా ఆ అంకె లేదు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూద్దామని నేనే ఒక ఐటెమ్ (యూపీఎస్ నుంచి తెచ్చి చూపే ఒక విలువ) పెడితే 144000 అని చూపిస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ ఉత్తరం చదవగానే పాత ఆఫీసులో ఒక రాత్రి గుర్తొచ్చింది. ఇలాంటి అంకెల మెసేజే వచ్చింది. డ్యూటీలో ఉన్న అబ్బాయి చూశాడు, రోజూ వచ్చేదే కదా అనుకున్నాడు. బ్యాటరీలు అయిపోయి సర్వర్లు ఉన్నపళంగా ఆగిపోయాయి. పొద్దున అందరూ అతన్నే తిట్టారు. తప్పు నాది. ఆ అంకెని మాటగా మార్చాల్సింది నేను.

అంకెని ఎడమ నుంచి చదవండి. 1.3.6.1.4.1 వరకు కంపెనీలన్నిటికీ ఉమ్మడి దారి. ఆ తర్వాతది కంపెనీ నంబరు, ఇంటర్నెట్ నంబర్లు కేటాయించే ఐయానా సంస్థ ఇస్తుంది. సిస్కోది 9, ఏపీసీది 318. మిబ్‌లో మొత్తం అంకె దొరకకపోవడానికి కారణం మధ్యలో ఉన్న ఆ సున్నా. ఏపీసీ పవర్‌నెట్ మిబ్‌లో ట్రాప్‌లు, అంటే పరికరం తనంతట తాను పంపే హెచ్చరికలు, ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు సమాచారం ఇచ్చే పద్ధతి) మొదటి వెర్షన్ పద్ధతిలో రాసి ఉంటాయి: కంపెనీ పేరు ఒకచోట, ట్రాప్ నంబరు మరోచోట. రెండో వెర్షన్ రూపంలోకి మార్చేటప్పుడు ఆ రెంటి మధ్య సున్నా చేరుతుంది. కాబట్టి ‘ట్రాప్ టైప్’ అని వెతికి, చివర 5 ఉన్నదాన్ని చూడండి. అది ‘యూపీఎస్ ఆన్ బ్యాటరీ’. 9 అయితే కరెంటు తిరిగి వచ్చినట్టు.

ఇక అలర్ట్‌లో ఆ ఇంగ్లిష్ పేరు కూడా పెట్టకండి. ‘కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ మీదుంది. జనరేటర్ వెయ్యి.’ అని రాయండి. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే పడతాయి, గుణింతాలూ ఒత్తులూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. పై వాక్యాలు అందులో సరిపోతాయి. ట్రాప్ 9 రాగానే ఆ అలర్ట్ దానంతటదే మూతపడేలా కూడా పెట్టండి. లేకపోతే పాత అలర్ట్‌లు పేరుకుపోయి కొత్తది కనపడదు.

144000 గురించి కంగారు వద్దు. ఆ విలువ టైమ్‌టిక్స్‌లో వస్తుంది, అంటే సెకనులో నూరో వంతు. 1440 సెకన్లు, 24 నిమిషాలు. ఐటెమ్ ప్రీప్రాసెసింగ్‌లో (వచ్చిన విలువని దాచే ముందు మార్చే చోట) కస్టమ్ మల్టిప్లయర్ 0.01 పెట్టి, యూనిట్‌గా సెకన్లు ఇవ్వండి. ఉష్ణోగ్రత 270 అని కనిపించినా భయపడొద్దు. ఏపీసీలో హై ప్రెసిషన్ విలువలు పదో వంతుల్లో ఉంటాయి, అది 27 డిగ్రీలే. సొంతంగా ఏ ఐటెమ్ పెట్టినా ముందు మిబ్‌లో దాని యూనిట్ చదవాలి. ఈ ఒక్క పని చేయక ఎందరో తప్పుడు గ్రాఫ్‌లు నమ్ముతున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ట్రాప్ యూడీపీ 162 పోర్టు మీద వస్తుంది. యూడీపీ అంటే అందిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి. దారిలో పోతే పోయినట్టే, మళ్లీ రాదు. అందుకే 1.3.6.1.4.1.318.1.1.1.4.1.1.0ని నిమిషానికోసారి మీరే అడిగి తెచ్చుకోండి. 2 వస్తే కరెంటు మీద, 3 వస్తే బ్యాటరీ మీద నడుస్తున్నట్టు. వేల్యూ మ్యాపింగ్‌లో (అంకెకి మాట జత చేసే చోట) ఆ మాటలే రాయండి.

అన్నీ పెట్టాక, ముందే అందరికీ చెప్పి, ఒక సెలవు రోజు ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని యూపీఎస్‌కి వచ్చే కరెంటు ఆపి చూడండి. మెసేజ్ మీ ఫోన్‌కి వస్తే చాలదు. రాత్రి డ్యూటీ అబ్బాయి ఫోన్‌కి రావాలి. అతనితోనే పైకి చదివించండి.