ఉప్పు మార్చారు సరే, మీ బీపీ మాత్రతో కుదురుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు. ఆరేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. రెండేళ్ల కిందట షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు, ఆ తర్వాత పరీక్ష చేయించుకోలేదు. మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్‌లో సగం షాపు చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులే. కూరగాయలకు ఒక్క ర్యాకు, అవీ వాడిపోయి ఉంటాయి. అదే కంపెనీ షాపు డబ్బున్నవాళ్ల ఏరియాలో చూస్తే తాజా కూరలు, పండ్లు అన్నీ ఉంటాయి. అక్కడికి బస్సులో ముప్పావుగంట. ఇంట్లో ఇద్దరం, రెండు వారాలకోసారి వెళ్లి తెచ్చుకుంటాం. అక్కడే లో సోడియం ఉప్పు కొని నెల రోజులుగా అదే వాడుతున్నాను. కూరలు లేని రోజు ఆకుకూరల పొడి మాత్రలు రెండు వేసుకుంటున్నాను. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోందని మా బంధువు వాడే షుగర్ మాత్ర సగం వేసుకుంటున్నాను. ఈమధ్య కాళ్లలో బలం లేనట్టుంది, పోషకాలు చాలకేనా? మా ఏరియాలో ఉండటం వల్లే నాకు షుగర్ వచ్చిందా? కూరగాయల బదులు ఏ మాత్ర మంచిది?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు. వాటి మధ్యలో ఒక్కో వాక్యంలో చెప్పి వదిలేసిన రెండు సంగతులే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. ఒకటి ఆ ఉప్పు, రెండోది మీ బంధువు మాత్ర. ముందు వాటి గురించి చెబుతాను.

లో సోడియం ఉప్పు అంటే మామూలు ఉప్పులో కొంత తీసేసి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలిపినది. మీరు వాడే టెల్మిసార్టాన్ శరీరంలో ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పనిని తగ్గిస్తుంది. దాంతో కిడ్నీలు పొటాషియాన్ని బయటికి పంపడం కూడా తగ్గుతుంది. లోపలికి వచ్చేది పెరిగి, బయటికి పోయేది తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. అలా పేరుకుంటే కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పవచ్చు. లెక్క వేసి చూడండి. ఒక గ్రాము పొటాషియం క్లోరైడ్‌లో 520 మి.గ్రా. పైచిలుకు పొటాషియం ఉంటుంది. మీ ప్యాకెట్‌లో అది 30 శాతం ఉందనుకుంటే, రోజుకు 5 గ్రాముల ఉప్పుతో దాదాపు 780 మి.గ్రా. పొటాషియం అదనంగా వెళ్తుంది. కొన్ని రకాల్లో సోడియం అసలే ఉండదు, మొత్తం పొటాషియం క్లోరైడే. అలాంటిదైతే అదే 5 గ్రాములకు 2,600 మి.గ్రా. అవుతుంది. ‘లో సోడియం’ అన్న మాట ప్యాకెట్ ముందు పెద్దగా వేస్తారు. పొటాషియం మాట కోసం వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవాలి.

ఈ ఉప్పు చెడ్డదని నేను అనడం లేదు. చైనాలో దాదాపు 21 వేల మంది మీద జరిగి 2021లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో పెద్దవాళ్లకు ఇలాంటి ఉప్పును సూచించింది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, పొటాషియం బయటికి పోవడం తగ్గే పరిస్థితి ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. మీ మాత్ర ఉండగా, కిడ్నీ పరీక్ష లేకుండా మీరు ఏ కోవలోకి వస్తారో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

అందుకని ఈ రోజు నుంచే ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి. మామూలు ఉప్పు వాడండి, కాకపోతే తగ్గించి. ప్యాకెట్ తిండిలో వచ్చేదంతా కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీ స్పూను దాటకూడదు. కాళ్లలో బలం లేదంటున్నారు కాబట్టి రేపటిలోగా సీరమ్ పొటాషియం (రక్తంలో పొటాషియం), కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ చేయించండి. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5.0 మధ్య ఉంటుంది. 5.5 దాటితే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. 6 దాటితే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, అక్కడ ఈసీజీ తీస్తారు. గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్ల నీరసం పెరగడం ఉంటే రిపోర్టు కోసం కూడా చూడకుండా వెళ్లండి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే పొటాషియం అబద్ధంగా ఎక్కువ చూపించవచ్చు, అప్పుడు మళ్లీ తీయమంటారు. అది ల్యాబ్ తప్పేలే అని మీరే తేల్చేసుకోకండి. టెల్మిసార్టాన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకునే అలవాటుంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఈ బీపీ మందుతో కలిస్తే అవి కిడ్నీని దెబ్బతీసి పొటాషియాన్ని ఇంకా పెంచుతాయి.

ఇక బంధువు మాత్ర. దాని పేరు కూడా మీరు రాయలేదు. అమ్మా, కోప్పడటం లేదు గానీ, పేరు తెలియని మాత్రను సగం విరిచి వేసుకోవడం వైద్యం కాదు. అది మెట్‌ఫార్మిన్ అయితే కిడ్నీ పనితీరు చూడకుండా మొదలుపెట్టే మందు కాదు. ఈజీఎఫ్‌ఆర్ 30 లోపు ఉంటే అసలు ఇవ్వం. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్ర, దాన్ని ముక్కలు చేసి వేసుకుంటే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. గ్లిమెపిరైడ్ రకం అయితే, భోజనం ఆలస్యమైన రోజు షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే మూడు టీ స్పూన్ల పంచదార లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ రకం అయితే అది చక్కెరను మూత్రంలోకి పంపించే మందు. అంటే దేనికోసం వేసుకుంటున్నారో ఆ రాత్రి లేవడమే ఇంకా ఎక్కువవుతుంది. మీకు ఎవరూ రాయని మందు కాబట్టి ఆపేసి, పరీక్షకు వెళ్లండి. పొటాషియం పరీక్షతో పాటే 8 గంటలు ఏమీ తినకుండా ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి. ఫాస్టింగ్ 126, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన ఉంటే డయాబెటిస్ కింద లెక్క, సాధారణంగా రెండోసారి చూసి ఖాయం చేస్తాం. ఇన్నాళ్లు వేసుకున్న సగం మాత్ర వల్ల ఫాస్టింగ్ అంకె కాస్త తగ్గి కనిపించవచ్చు, అందుకే ఆ సంగతి దాచకండి. బోర్డర్‌లో ఉందన్నాక ఏటా ఒకసారైనా చూపించుకోవాలి. మీరు రెండేళ్లు వదిలేశారు. ఏ జబ్బయినా ముదిరేది ఇలా వదిలేసిన కాలంలోనే.

రాత్రి మూడుసార్లు లేవడానికి షుగరే కారణమని కూడా ఇప్పుడే అనలేం. మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీ, నిద్రలో గురక, సాయంత్రం తాగే టీ, కాఫీలు, అన్నీ చూడాలి.

ఇక మీ షాపు. మీరు చూసింది నిజమే, మీ ఊహ కాదు. తాజా కూరల ఆర్డర్ సాధారణంగా ముందు వారాల అమ్మకం, పారేసిన సరుకు చూసి పెడతారు. అమ్మకం తక్కువని సరుకు తక్కువ తెస్తారు. తెచ్చిన కాస్త ర్యాకులో రోజుల తరబడి ఉండి వాడిపోతుంది. వాడిపోయింది ఎవరూ కొనరు. వచ్చే వారం ఆర్డర్ ఇంకా తగ్గుతుంది. చిప్స్‌కు ఈ బాధ లేదు, నెలలు నిలవ ఉంటాయి. పైగా వరస చివర, కంటి ఎత్తున, బిల్లు కౌంటర్ పక్కన ఉండే చోట్లకు చాలాసార్లు తయారీ కంపెనీలే డబ్బు కడతాయి. ఇది మార్చలేనిదేమీ కాదు. అమెరికాలోని బర్కిలీ నగరం 2021 నుంచి పెద్ద షాపుల బిల్లు కౌంటర్ల దగ్గర చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి పెట్టకూడదని నిబంధన తెచ్చింది. ఇంగ్లండ్ 2022 అక్టోబర్ నుంచి పెద్ద షాపుల్లో బిల్లు కౌంటర్ల దగ్గర, వరస చివర వాటిని నిషేధించింది.

అయితే మీ ఏరియానే షుగర్ తెచ్చిందా అంటే, అంత సూటిగా చెప్పలేను. వయసు, వంశం, బరువు, నడక, నిద్ర అన్నీ ఉంటాయి. అమెరికాలో 2019లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, పేద కుటుంబాలకు సంపన్నులకు దొరికే సరుకులే అదే ధరకు అందుబాటులోకి తెచ్చినా, తిండి నాణ్యతలో తేడా పదోవంతు మాత్రమే తగ్గుతుంది. మిగతాది ఎవరు ఏం కొనాలనుకుంటారన్న దాంట్లో ఉంది, దాని వెనక చదువు, తిండి గురించిన అవగాహన లాంటివి ఉంటాయి. పక్కనే మంచి షాపు ఉండటం అవసరమే, కానీ అదొక్కటే చాలదు.

మీ బస్సు ప్రయాణాన్ని ఒకసారి లెక్కలోకి తీసుకోండి. మనిషికి రోజుకు కూరలు, పండ్లు కలిపి కనీసం 400 గ్రాములు కావాలి, దుంపలు ఇందులో లెక్కకు రావు. ఇద్దరికి 14 రోజులకు 11 కేజీల పైమాటే. అంత బరువు బస్సులో మోయడం, చివరి రోజుల దాకా కుళ్లకుండా ఉంచడం రెండూ జరిగే పని కాదు. కాబట్టి అక్కడి నుంచి ఆకుకూరలు మూడు రోజులకు సరిపడా, బీన్స్, కాలీఫ్లవర్ ఆ తర్వాతి నాలుగు రోజులకు, క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి రెండో వారానికి అన్నట్టు తెచ్చుకోండి. తినేది కూడా ఆ వరసలోనే. మిగతా లోటు ఇంటి దగ్గరి షాపులోనే పూడ్చుకోవచ్చు. ఫ్రోజెన్ కూరగాయలు ఉంటే చూడండి. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి గడ్డకట్టిస్తారు కాబట్టి, వారం రోజులుగా వాడిపోయిన కూర కన్నా చాలాసార్లు అవే మేలు. ప్యాకెట్ నొక్కితే గింజలు విడివిడిగా కదలాలి. మొత్తం ఒకే గడ్డలా ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, వదిలేయండి. సాస్, వెన్న కలిపినవి వద్దు. డబ్బాలో వచ్చే బీన్స్, శనగలు అయితే నీళ్లు పారబోసి, కుళాయి కింద కడిగితే ఉప్పు మూడోవంతు వరకు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతుంది. ఎండు పప్పుధాన్యాలు, గుడ్లు, ఓట్స్ ఏ షాపులోనైనా ఉంటాయి. తాజా సరుకు ఏ రోజు దిగుతుందో షాపులో అడిగి ఆ రోజే వెళ్లండి. అడిగేవాళ్లు ఉన్నారని వాళ్లకీ తెలియాలి. ఒక జాగ్రత్త: పొటాషియం రిపోర్టు వచ్చి, డాక్టర్ సరే అనేదాకా బీన్స్, ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకండి. అది మామూలుగా ఉంటే భయం లేదు.

లేబుల్ చదివేటప్పుడు ‘100 గ్రాములకు’ అన్న గడి చూడండి, ‘ఒక సర్వింగ్‌కు’ అన్నది కాదు. సోడియం 600 మి.గ్రా. దాటితే ఎక్కువ, 120 లోపు తక్కువ. చక్కెర 22.5 గ్రాములు దాటితే ఎక్కువ, 5 లోపు తక్కువ. ‘మల్టీగ్రెయిన్’ అంటే పొట్టుతో ఉన్న ధాన్యమని కాదు. జాబితాలో మొదటి పేరే బరువులో ఎక్కువ ఉన్నది, అక్కడ మైదా ఉంటే అది మైదా బ్రెడ్డే.

ఆకుకూరల పొడి మాత్రల సంగతి: తాజా ఆకులో దాదాపు 90 శాతం నీరు. రెండు మాత్రలు కలిపి ఒక గ్రాము పొడి అనుకుంటే, అది పది గ్రాముల ఆకుతో సమానం, నాలుగు ఆకులు. దాంతో పీచు రాదు, కడుపు నిండదు. కూరగాయల స్థానంలో నేను రాయగలిగిన మాత్ర ఏదీ లేదు. వాటిలో ఇంకేం కలిపారో చూడకుండా కొనసాగించవద్దు, ఆపేయండి.

పరీక్షలకు వెళ్లేటప్పుడు ఉప్పు ప్యాకెట్, బంధువు మాత్రల స్ట్రిప్, ఆ పొడి మాత్రల డబ్బా, మీ టెల్మిసార్టాన్ నాలుగూ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెబుదామనుకోవద్దు, ఒక్క అక్షరం తేడాలో మందు మారిపోతుంది.