90.4 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు నానోవీఎన్ఏ సరిపోతుందా? – సమాధానం

నమస్కారమండీ. మీ కమ్యూనిటీ రేడియో డైపోల్‌లో (రెండు కడ్డీల యాంటెన్నా) ఎస్‌డబ్ల్యూఆర్ (శక్తి యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత, తక్కువుంటే మంచిది) 90.4 మెగాహెర్ట్జ్ వద్ద కాక 88 వద్ద కనిష్ఠంగా ఉందనీ, ఖరీదైన ఎనలైజర్ కొనాలా అనీ అడిగారు. అక్కర్లేదు, మామూలు నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) చాలు. ట్రాన్స్‌మిటర్‌ను ఆపి, కేబుల్‌ను దాని నుంచి విడదీశాకే పరికరానికి తగిలించండి. స్వీప్‌ను (పరికరం కొలిచే ఫ్రీక్వెన్సీల పరిధి) 85 నుంచి 95 మెగాహెర్ట్జ్ వరకు పెట్టుకుని, కేబుల్ యాంటెన్నా వైపు కొసన ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు ప్రామాణిక కనెక్టర్లను ఒక్కొక్కటిగా తగిలించి క్యాలిబ్రేషన్ (రీడింగు సరిగా వచ్చేలా పరికరాన్ని సరిచేయడం) చేయాలి. కింద పరికరం దగ్గరే చేస్తే, కేబుల్ నష్టం వల్ల ఎస్‌డబ్ల్యూఆర్ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది (చాలామంది మోసపోయేది ఇక్కడే). 88 వద్ద కనిష్ఠమంటే కడ్డీల పొడవు ఎక్కువని అర్థం. లెక్క ప్రకారం ఒక్కో కడ్డీ సుమారు 2 సెంటీమీటర్లు తగ్గాలి. అయితే ఒకేసారి కోయకుండా, రెండు వైపులా అర సెంటీమీటరు చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ నిచ్చెన దిగి దూరంగా వచ్చాకే కొలవండి, ఎందుకంటే దగ్గరున్న మనిషి, నిచ్చెన కూడా రీడింగును మారుస్తాయి.