స్పిట్‌ఫైర్ కొనేముందు దాని కిందికి దూరి చూడండి

ప్రశ్న: బెంగళూరు నుంచి బ్రిటన్‌లోని కోవెంట్రీకి బదిలీ మీద వెళ్తున్నాను. అక్కడ ఒక పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైరో, ఎంజీబీయో కొనాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఇంత పాత స్పోర్ట్స్ కార్లు అక్కడ ఏటా జరిగే ఎంఓటీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే) టెస్టులో పాసవుతాయా? మన దగ్గర ఆర్టీవో చేసే ఎఫ్‌సీకీ (ఫిట్‌నెస్ తనిఖీ) దానికీ తేడా ఏమిటి?

పాసవుతాయండీ. నేను కోవెంట్రీలో పనిచేసిన రోజుల్లో నా దగ్గర 1978 స్పిట్‌ఫైర్ 1500 ఉండేది. అప్పటికి దానికి ఏటా టెస్టు తప్పనిసరి. ఇప్పుడు బెంగళూరు జయనగర్‌లో ఉంటున్నాను, 1966 స్టాండర్డ్ హెరాల్డ్ నడుపుతున్నాను. అక్కడి పరీక్షా ఇక్కడి పరీక్షా రెండూ చూసినవాడిగా చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. మీరు అడిగిన రెండు కార్లకూ ఇప్పుడు చట్టప్రకారం ఎంఓటీ అక్కర్లేదు. రెండూ 1962లో మొదలై 1980లో ఆగిపోయాయి. బ్రిటన్‌లో 2018 మే నుంచి, 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లను టెస్టు నుంచి మినహాయించారు. అందుకే అమ్మేవాళ్లు ప్రకటనల్లో 'ఎంఓటీ అక్కర్లేదు' అని అదేదో అదనపు సుగుణంలా రాస్తారు. నాకు ఆ మాట చూస్తేనే గుబులు. కొన్నేళ్లుగా ఆ బండి అడుగుభాగం ఎవరూ చూసి ఉండరు. మినహాయింపు టెస్టుకే గానీ బాధ్యతకు కాదు. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న కారు నడిపితే అక్కడ 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

కాబట్టి బేరం ఖాయం చేసుకునే ముందు అమ్మేవాళ్లనే ఒకసారి టెస్టు చేయించమనండి. కారుకు గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. ఆ కారు ధరలో అదెంత? వద్దని నసిగితే ఆ కారు వదిలేయండి. ఇంకో మంచి వీలుంది. నంబర్ ప్లేటు మీది నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో 2005 నుంచి ఆ కారుకు జరిగిన ఎంఓటీ ఫలితాలు ఉచితంగా చూడొచ్చు. పాసా ఫెయిలా అన్నదాని కంటే కింద రాసే హెచ్చరికలు శ్రద్ధగా చదవండి. 'కుడివైపు సిల్ (తలుపు కింది రేకు పెట్టె) తుప్పు పడుతోంది' అని వరసగా రెండు మూడేళ్లు రాసి, ఆ తర్వాత ఆ మాటే కనబడకపోతే, వెల్డింగ్ చేయించిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే అడుగున పూసే నల్లటి తారులాంటి అండర్‌సీల్ పూసి మూసేసి ఉండొచ్చు.

పాత స్పోర్ట్స్ కార్లను ఫెయిల్ చేసేది ఎక్కువగా ఇంజన్ కాదు, తుప్పు. టాప్ లేని కార్లలో ఇది మరీ ముఖ్యం. పైకప్పు లేదు కాబట్టి బాడీ వంగకుండా ఆపే బలమంతా తలుపుల కింద ఉండే సిల్స్‌లోనే ఉంటుంది. స్పిట్‌ఫైర్‌కు కింద ఛాసిస్ ఉన్నా అది పక్కలకు సాగదు, అందువల్ల దానికీ సిల్సే ఆధారం. పైగా వెనక సస్పెన్షన్‌ను పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ వచ్చి బాడీకే బిగుసుకుంటుంది. సస్పెన్షన్, సీటు బెల్టు బిగించే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు బలం తగ్గేంత తుప్పు ఉంటే ఎంఓటీలో ఫెయిలే. అక్కడ లప్పం పెట్టి రంగు వేసినా, ఫైబర్ అతికించినా ఒప్పుకోరు. రేకు ముక్క పెట్టి చుట్టూ ఎక్కడా వదలకుండా వెల్డ్ చేయాల్సిందే. మీరూ ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. లప్పం ఉన్నచోట అది అంటుకోదు. తలుపు తెరిచి మూయండి. మూసేటప్పుడు ఎత్తి నొక్కాల్సి వస్తే బాడీ నడుం జారిందేమోనని అనుమానించండి.

రెండోది స్పిట్‌ఫైర్ ముందు చక్రాల దగ్గరి ట్రనియన్. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొస మరలాగా ఇందులో తిరుగుతుంది. దీనికి ఈపీ 90 గేర్ ఆయిల్ పట్టించాలి. చాలామంది గ్రీజు గన్ పెట్టి గ్రీజు నింపేస్తారు. అది గట్టిపడి దారి మూసుకుపోతుంది, నీరు చేరుతుంది, కడ్డీ లోపల తుప్పు పడుతుంది. ఒకరోజు పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పుతుంటేనే విరిగి చక్రం పక్కకు పడిపోతుంది. టెస్టులో చక్రం పైకెత్తి కింద బార్ పెట్టి లేపి, ప్లే (వదులు) ఉందేమో చూస్తారు. కానీ లోపలి తుప్పు వాళ్లకూ కనబడదు. అందుకని చివరిసారి ఆయిల్ ఎప్పుడు పట్టించారో, అది ఆయిలేనో కాదో ఓనర్‌ను నిలదీసి అడగాల్సిందే.

బ్రేకుల్లో సమస్య వాడకం వల్ల కాదు, వాడకపోవడం వల్ల వస్తుంది. చలికాలమంతా షెడ్డులో నిలబెట్టిన కారుకు వెనక చక్రాల్లో బ్రేకు నొక్కే వీల్ సిలిండర్లు కదలకుండా పట్టేస్తాయి, రబ్బరు హోసులు పగుళ్లు తీస్తాయి. టెస్టులో బ్రేకులు కొలిచే రోలర్ల మీద పెట్టగానే ఒక పక్క పట్టి, ఇంకో పక్క పట్టకపోవడం కనిపిస్తుంది. పొగ గురించి టెన్షన్ వద్దు. 1975 ఆగస్టుకు ముందు రోడ్డెక్కిన కార్లకు కంటితో చూసి వదిలేస్తారు. ఆ తర్వాత 1986 దాకా వచ్చినవాటికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, మండకుండా మిగిలే హైడ్రోకార్బన్లు పది లక్షల్లో 1,200 భాగాలు దాటకూడదు, అంతే. కార్బ్యురేటర్లు సరిగ్గా ట్యూన్ చేసి, ఇంజన్ బాగా వేడెక్కాక తీసుకెళ్తే చాలు.

ఇక మన సంగతి. ఇక్కడ సొంత కారుకు ఏటా పరీక్ష లేదు. 15 ఏళ్లకు, ఆ తర్వాత అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, అప్పుడే తనిఖీ. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజు 10,000 రూపాయలైంది, విదేశాల నుంచి దిగుమతైనదైతే 80,000. 50 ఏళ్లు దాటితే వింటేజ్ కింద 'వీఏ' నంబరు తీసుకోవచ్చు గానీ, ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. అందుకే నేను నా హెరాల్డ్‌కు అది తీసుకోలేదు. నా అనుభవంలో తనిఖీ అంటే ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం, లైట్లు, హారన్, ఇండికేటర్లు, పొల్యూషన్ సర్టిఫికెట్ చూడటం వరకే. కారు పైకెత్తి చూసినవాళ్లు లేరు.

అది నాకు సరిపోదనిపించి, ఏటా సంక్రాంతి ముందు జేసీ రోడ్డు దగ్గర మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాను. చిత్తూరు ఆయన, ఫియట్లూ హెరాల్డులూ చూస్తూ పెరిగినవాడు. ఎంఓటీలో చూసే వరసలోనే ర్యాంప్ మీద సిల్స్, బ్రేకు పైపులు, ట్రనియన్లు, స్టీరింగ్ ప్లే అన్నీ ఇద్దరం కలిసి చూస్తాం. ఈ మధ్య 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు మెత్తబడి కారుతున్నాయి కాబట్టి వాటినీ కలిపాం.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. స్పిట్‌ఫైర్‌ను హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే తయారుచేశారు, రెండింటి రూపశిల్పీ ఇటలీ డిజైనర్ మికెలోట్టీయే. మద్రాసులో తయారైన నా కారుకూ, కోవెంట్రీలో మీరు చూడబోయేదానికీ ముందు సస్పెన్షన్ అమరిక ఒకటే. వెళ్లేలోపు ఒక శనివారం తీరిక చేసుకుని జయనగర్ రండి. జాక్ ఎత్తి ట్రనియన్ ఎక్కడుంటుందో, ఆయిల్ ఎక్కడ పట్టించాలో చూపిస్తాను. పాత చొక్కా వేసుకుని రండి.