థైరాయిడ్ ఉంది, జుట్టు రాలుతోంది. సెలీనియం మాత్రలు వేసుకోవచ్చా?

థైరాయిడ్ మాత్ర వాడుతున్నా జుట్టు రాలుతోందని, వీడియోలో చెప్పినట్టు 200 మైక్రోగ్రాముల సెలీనియం మాత్ర, దాంతోపాటు రోజూ బ్రెజిల్ నట్స్ మొదలుపెట్టాలా అని అడిగారు. డాక్టర్ రాస్తే తప్ప మొదలుపెట్టకండి. సెలీనియం ఒంటికి చాలా కొద్దిగా మాత్రమే కావాల్సిన ఖనిజం, అది ఎక్కువైనా జుట్టే రాలుతుంది.

మా అక్కది హన్మకొండ, ఆమెకూ హైపోథైరాయిడే, అంటే థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయడం. జుట్టుకు ఒక బిళ్ల, నీరసానికి మల్టీవిటమిన్, థైరాయిడ్‌కు మంచిదని విడిగా సెలీనియం, పైగా అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన బ్రెజిల్ నట్స్. దేనికది చూస్తే మామూలుగానే ఉంటుంది. కొన్నాళ్లకు జుట్టు ఇంకా ఎక్కువ ఊడింది, గోళ్లు పెళుసుబారి చీలాయి, నోట్లో వెల్లుల్లి వాసన. డాక్టర్ డబ్బాలన్నీ తెప్పించుకుని చూస్తే మూడింటిలోనూ సెలీనియం ఉంది. థైరాయిడ్ మాత్ర ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపించారు. జుట్టు, గోళ్లు మెల్లగా కుదుటపడ్డాయి.

మీరూ ముందు అన్నిటిలో కలిపి సెలీనియం ఎంతవుతుందో లెక్క వేయండి. మన దేశంలో పెద్దవాళ్లకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు 40 మైక్రోగ్రాములు. దాటకూడని హద్దు అమెరికాలో 400. యూరప్‌లో మాత్రం 2023లో దాన్ని 255గా పెట్టారు. కారణం, 35 వేల మందికి పైగా మగవాళ్లతో జరిగిన సెలెక్ట్ అనే పరిశోధనలో రోజుకు 200 తీసుకున్నవాళ్లకు జుట్టు రాలడం ఎక్కువగా కనిపించింది. ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందేమోనని చేసిన పరిశోధన అది, ఆ లాభమూ రాలేదు. ఇక బ్రెజిల్ నట్ ఒక్కదానిలోనే 70 నుంచి 90 దాకా ఉండొచ్చు, అదీ నేలను బట్టి మారుతుంది. మూడు తిని ఆ మాత్ర కూడా వేసుకుంటే 400 దాటినట్టే.

థైరాయిడ్‌కు సెలీనియం అవసరమన్నది నిజమే. టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ను ఒంటికి పనికొచ్చే టీ3గా మార్చే ఎంజైములు అది లేకుండా పనిచేయవు. చైనాలోని కెషాన్ ప్రాంతంలో నేలలో అది బాగా తక్కువై పిల్లలకు, ఆడవాళ్లకు గుండె కండరం దెబ్బతినేది. అదే మన పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్ల నేలలో ఎక్కువై, అక్కడి పంటతో మనుషులకూ పశువులకూ ఇబ్బంది వచ్చింది. లోటు ఉన్నవాళ్లకు ఇస్తే మేలు, సరిపడా ఉన్నవాళ్లకు ఇంకా పోస్తే కీడు.

తిండితోనే చాలావరకు వచ్చేస్తుంది. ఒక ఉడికిన గుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాములు. బొచ్చె, రవ్వ లాంటి చెరువు చేపలు, చికెన్, కార్జం తినేవాళ్లకు బెంగ అక్కర్లేదు. మాంసం ముట్టనివాళ్లు చపాతీ, పప్పులు, పెరుగు మానకుండా చూసుకోవాలి.

జుట్టు సంగతికి థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్షతో పాటు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చేయించండి. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండడం చాలా మామూలు, ఐరన్ తగ్గినా జుట్టు రాలుతుంది. డాక్టర్ ఐరన్ రాస్తే దాన్ని పొద్దున థైరాయిడ్ మాత్రతో కలిపి మింగకండి, మధ్యలో నాలుగు గంటల తేడా ఉంచండి.