డబ్బులడగొద్దన్న దాతకి రసీదు కూడా ఆగిపోయింది

(ఆఫీసు పనులు, రికార్డుల మీద పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత సూపరింటెండెంట్ జవాబులు)

ప్రశ్న: మేడమ్, విజయనగరం జిల్లాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పూర్వ విద్యార్థుల విభాగం డేటా చూసుకుంటున్నాను. మా డేటాబేస్‌లో ‘కాంటాక్ట్’ అని ఒకటే కాలమ్. అందులో ఎస్ లేదా నో. ల్యాబ్‌కి విరాళం ఇచ్చిన ఒకాయన "మాటిమాటికీ డబ్బులకి ఫోన్ చేయకండమ్మా" అంటే నో పెట్టాను. దాంతో ఆయనకి వార్షికోత్సవం పిలుపు వెళ్లలేదు, ట్యాక్స్ రసీదూ వెళ్లలేదు. ఆయన నేరుగా మా పెద్ద సారుకే ఫోన్ చేశారు. మరోపక్క నో పెట్టిన ఇంకో ఆవిడకి మా విద్యార్థులు పాత ఎక్సెల్ షీట్ చూసి ఫోన్ చేసేశారు. "నో అన్నవాళ్లందర్నీ డిలీట్ చేసెయ్, గోల వదిలిపోద్ది" అంటున్నారు సారు. చేసేయనా?
— పేరు వద్దన్నారు, గజపతినగరం

జవాబు: డిలీట్ చేయకండమ్మా. ఎందుకో చెబుతాను గానీ, ముందు ఆ రసీదు పంపించేయండి. దాతలకి పన్ను మినహాయింపు ఇప్పించే 80జి అనుమతి ఉన్న సంస్థ తనకొచ్చిన విరాళాల వివరాలు ఫారం 10బీడీలో ఆదాయపన్ను శాఖకి ఇచ్చి, దాతకి 10బీఈ సర్టిఫికెట్ అందించాలన్న నియమం 2021-22 ఆర్థిక సంవత్సరం విరాళాలతో మొదలైంది. ఏడాది ముగిశాక మే 31 గడువు, దాటితే రోజుకి 200 రూపాయల ఫీజు. అది దాతకి మీరు బాకీ ఉన్న కాగితం. మీ కాలమ్‌లో పెట్టే ఏ కోడూ దాన్ని ఆపకూడదు. ఈమెయిల్లో కావాలా పోస్టులో కావాలా అన్నది మాత్రం ఆయన ఇష్టం.

మీ చిక్కంతా ఆ ఒక్క కాలమ్‌తో వచ్చింది. ఆయన చెప్పిన మాటలో రెండు సంగతులున్నాయి: విరాళం అడగడం, అదీ ఫోన్లో. మీ కాలమ్‌కి ఆ రెండూ పట్టవు. దేనికోసం పలకరిస్తున్నాం అన్నది ఒక వరస: విరాళం అడగడం, కార్యక్రమాలకి పిలవడం, కాలేజీ కబుర్లు, రసీదులు. ఎలా పలకరిస్తున్నాం అన్నది ఇంకో వరస: ఫోను, వాట్సాప్, ఎస్సెమ్మెస్, ఈమెయిల్, పోస్టు. రెండూ కలిపి గడులు గీయండి. ప్రతి గడిలోనూ ‘సరే’, ‘వద్దు’, ‘అడగలేదు’ అని మూడు మాటలకి చోటుండాలి. ఆ మూడోది అన్నిటికంటే ముఖ్యం. చాలా ఆఫీసుల్లో గడి ఖాళీగా ఉంటే ఒప్పుకున్నట్టే లెక్కేస్తారు. పాతికేళ్ల కిందట అడ్మిషన్ ఫారంలో నాన్నగారి నంబరు రాసిన కుర్రాడు మీ వాట్సాప్ ప్రచారానికి ఎప్పుడు ఒప్పుకున్నాడు?

కోడ్లకి 01, 07 అని అంకెలు పెట్టకండి. ఆ జాబితా తయారుచేసిన మనిషి బదిలీ అయిన మర్నాటి నుంచి 07 అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ‘విరాళం-ఫోన్-వద్దు’ అని చదివితే అర్థమయ్యేలా ఉండాలి, డ్రాప్ డౌన్‌లోంచే ఎంచుకోవాలి. చేత్తో టైపు కొట్టనిస్తే ఒకే మాట నాలుగు రకాల స్పెల్లింగులతో చేరి, ఫిల్టర్ పెట్టినప్పుడు సగం మంది జారిపోతారు.

కోడ్ పక్కన ఆ మనిషి అన్న మాట అన్నట్టుగా రాయాలి. తేదీ, ఎవరు విన్నారు, ఏ దారిలో చెప్పారు, ఇవి కూడా. ఉదాహరణకి ఇలా: "12-10-2025, ఫోను, విన్నది ఫైనలియర్ విద్యార్థి. ‘ఏటి బాబూ, పండక్కి పిలిస్తే వస్తాను గానీ డబ్బుల మాటెత్తకండి.’" దీన్ని విరాళం వరసలో అన్ని దారులకీ ‘వద్దు’, పిలుపు వరసలో ఫోనుకి ‘సరే’ అని కోడ్ చేస్తాం. ఆరు నెలల తర్వాత కోడ్ తప్పు పడిందని ఎవరైనా అంటే సరిచూసుకోవడానికి ఆ వాక్యం ఉంటుంది. అది లేకపోతే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే.

నేను పనిచేసిన ఒక చోట రిమార్క్స్ కాలమ్ నిండా ‘కోపిష్టి’, ‘పిసినారి’, ‘మాటకారి, టైం వేస్ట్’ అని ఉండేవి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద, ఆ హక్కు అమల్లోకి వచ్చాక, తన గురించి మీ దగ్గర ఏ సమాచారం ఉందో చెప్పమని ఆ మనిషి అడగొచ్చు. ఆ కాలమ్ ప్రింటు తీసి ఇవ్వాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని రాయండి.

జనం చెప్పే షరతులు ఎన్ని రకాలో ఫోన్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. "ఈ ఏడాది అమ్మాయి పెళ్లి, వచ్చే ఏడు చూద్దాం" అనేవాళ్లకి శాశ్వతంగా ‘వద్దు’ పెడితే మీకే నష్టం. ‘ఏ తేదీ దాకా’ అని ఒక గడి పెట్టి, ఆ తేదీ దాటాక మళ్లీ ‘అడగలేదు’కి మారేలా చూడండి. "సిరిమానుకి ఊరొస్తాను, అప్పుడైతే కలుస్తా" అనే విజయనగరం వాళ్లు బోలెడుమంది. పైడితల్లమ్మ సిరిమాను పండగ దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, దానికి ఒక వారం ముందు ఆ లిస్టు బయటికి రావాలి, తర్వాత వస్తే దేనికీ పనికిరాదు. "మా మాస్టారు చేస్తేనే మాట్లాడతా" అనేవాళ్లు ఉంటారు, ఆ మాస్టారి పేరే కోడ్. అమెరికాలో ఉన్నవాళ్లకి వేళ రాసుకోండి. ఇక్కడ పదకొండింటికి ఆఫీసు టీ తాగి ఫోనెత్తితే న్యూయార్క్‌లో వేసవిలో రాత్రి ఒంటిగంటన్నర.

పనిలో పనిగా వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో కూడా తెలిసుండాలి. భారత పౌరుడు అక్కడి సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాయన పంపితే అవుతుంది, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. అనుమతి లేని సంస్థ ఆయన్ని అడిగే లిస్టులోనే వేయకూడదు.

"మా జిల్లాలో ఏదైనా పెడితేనే చెప్పండి" అనే షరతు చూడ్డానికి తేలిక. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత అడ్రసులు దిద్దకుండా జిల్లా ఫిల్టర్ పెడితే రాజాం ఆయనకి విజయనగరం మీటింగు సంగతే తెలీదు. ఉత్తరం పిన్‌కోడ్ చూసి ఎలాగో చేరుతుంది, ఫిల్టర్‌కి ఆ తెలివి లేదు.

‘చనిపోయారు’, ‘నంబరు పనిచేయడం లేదు’, ‘ఉత్తరం తిరిగొచ్చింది’ అన్నవి ఈ గడుల్లో పెట్టకండి. అవి స్థితిగతులు, వాటికి వేరే కాలమ్ ఉండాలి. ‘పేరు బయటికి రాకూడదు’ అన్నదీ అంతే. శిలాఫలకం మీద పేరు వద్దన్న దాత ఫోన్ వద్దన్నట్టు కాదు.

ఇక డిలీట్ సంగతి. మీ విద్యార్థులు ఫోన్ చేసిన ఆవిడ పేరు ఇవాళ తీసేశారనుకోండి. వచ్చే ఏడాది పరీక్షల విభాగం పాత బ్యాచ్‌ల జాబితా మళ్లీ పంపుతుంది, మీరు ఎక్కిస్తారు, అదే నంబరు ఏ గుర్తూ లేకుండా తాజాగా వచ్చి కూర్చుంటుంది. ‘వద్దు’ అని గుర్తుండాలంటే ఒక వరుస మిగలాలి. పేరు, రోల్ నంబరు, ‘ఎవరూ సంప్రదించొద్దు’ అన్న కోడ్, తేదీ ఉంచి మిగతావన్నీ చెరిపేయండి. నా వివరాలు తీసేయండని ఎవరైనా రాతపూర్వకంగా అడిగినా ఆ మాత్రం ఎందుకు ఉంచుతున్నారో వాళ్లకి చెప్పి ఉంచండి. సారుకి ఇదే చెప్పండి, కాదనరు.

ఒకే మనిషి మీ దగ్గరే డిగ్రీ, పీజీ రెండూ చదివి రెండు రోల్ నంబర్లతో ఉంటారు. ఒక రికార్డులో ‘వద్దు’, ఇంకోదాంట్లో ఖాళీ. కలిపేటప్పుడు తాజా తేదీ ఉన్న మాట నిలవాలి, తేదీలు లేకపోతే ‘వద్దు’ నిలవాలి. భార్యాభర్తలిద్దరూ మీ విద్యార్థులే అయితే ఎవరి ఇష్టం వారిది. ఇంట్లో ల్యాండ్‌లైను ఒకటే అయితే మాత్రం ఒకరు వద్దన్నా ఆ నంబరు ఇద్దరికీ మూయండి.

పాత ఎక్సెల్ షీట్ల పోరు పడలేం. డిపార్ట్‌మెంటుకో కాపీ, హెచ్‌ఓడీ గారి పెన్‌డ్రైవులో ఒకటి, వాట్సాప్‌లో తిరిగేది ఒకటి. పెరుగులాగే లిస్టు కూడా పులుస్తుంది. షీటు పైన తీసిన తేదీ, ‘మూడు రోజుల తర్వాత వాడొద్దు’ అన్న ముక్క పెట్టండి. కోడ్లు చూసి ఎవరికి చేయాలో తేల్చుకునే పని విద్యార్థులకి వదలకండి. వద్దన్నవాళ్లు లిస్టులోకే రాకూడదు. వస్తే ఫోనెత్తే పిల్లాడు చేసేస్తాడు, వాడి తప్పేం లేదు.

ప్రచార ఫోన్లు వద్దని నమోదు చేసుకునే డీఎన్‌డీ ఉంది కదా అని కూడా అనుకోకండి. 1909కి చెప్పుకున్నవాళ్లకి టెలికాం కంపెనీలు ఆపేది వ్యాపార ప్రచారాన్ని. మీ విద్యార్థి సొంత మొబైల్ నుంచి చేసే ఫోనుని అది ఆపదు.

ప్రశ్న: మేము శ్రీకాకుళంలో ఒక పాత కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం నడుపుతున్నాం. మా వాట్సాప్ గ్రూపులోంచి నంబర్లు తీసి కాలేజీ డేటాబేస్‌లో వేసుకుంటే తప్పా? గ్రూపులో ఉన్నారంటే ఒప్పుకున్నట్టే కదండీ?
— కార్యదర్శి, శ్రీకాకుళం

జవాబు: ఒప్పుకున్నట్టు కాదండీ. చాలామందిని గ్రూపులో చేర్చింది మీ అడ్మిన్. వాళ్లు ఉన్నది స్నేహితుల కోసం, కాలేజీ విరాళాల పిలుపుల కోసం కాదు. నేను పైన చెప్పిన చట్టం, ఏ పని కోసం సమ్మతి తీసుకుంటే ఆ పనికే వాడమంటుంది. సమ్మతి ఎంత సులువుగా ఇచ్చారో అంత సులువుగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ఇలాంటి బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఈలోగా గ్రూపులోనే తెలుగులో ఒక చిన్న ఫారం లింకు పెట్టండి: కాలేజీ ఏమేం పంపుతుంది, ఏది కావాలి, ఏ దారిలో కావాలి. నింపినవాళ్లనే ఎక్కించండి. పెద్దవాళ్లలో ఫారం జోలికి పోకుండా "నాకు ఉత్తరమే రాయండి" అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట మీరే రాసుకోండి. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు పూర్వ విద్యార్థుల తోడ్పాటుకి కూడా మార్కులు వేస్తారు కాబట్టి సంఖ్య పెంచమని కాలేజీ మీ వెంటపడుతుంది. పడనివ్వండి.

ప్రశ్న: మా నాన్నగారు పోయి మూడేళ్లయింది. ఆయన చదివిన కాలేజీ నుంచి ఏటా "ఈసారైనా మీ వంతు సాయం" అని ఉత్తరం వస్తోంది. చూసినప్పుడల్లా అమ్మ బాధపడుతోంది. ఫోన్లో చెప్పాం, ఆగలేదు.
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఫోన్లో చెప్పిన మాట ఆ పూట విన్న మనిషి దగ్గరే ఉండిపోతుంది బాబూ. ఒక పేజీ ఉత్తరం రాయండి. నాన్నగారి పేరు, కోర్సు, చదువు పూర్తయిన ఏడు, పోయిన తేదీ చాలు. కవరు మీద అడ్రసు పైనో పక్కనో ఒక నంబరు ఉందేమో చూడండి. సాధారణంగా అది వాళ్ల రికార్డు నంబరు, అది ఇస్తే వెతకడం క్షణంలో పని. ఆ కవరు ఫొటో జత చేయండి. ఆధార్ కాపీ అడిగితే ఇవ్వక్కర్లేదు. ఆయన రికార్డులో ‘చనిపోయారు’ అని పెట్టమని, ఉత్తరాలు తీసే అన్ని లిస్టుల్లోంచీ పేరు ఆపమని రాయండి. ఆయన పేరు మీద అక్కడ బహుమతి ఏదైనా పెట్టి ఉంటే, దాని కబుర్లు అమ్మగారికి కావాలో అక్కర్లేదో అడిగి అదీ రాయండి. లేకపోతే రెండూ కలిపి ఆపేస్తారు. స్పీడ్ పోస్టులో పంపండి, రిజిస్టర్డ్ పోస్టుని 2025లో అందులోనే కలిపేశారు. రసీదు దాచుకోండి. వచ్చే ఏడూ ఉత్తరం వస్తే ఆ రసీదు కాపీతో ప్రిన్సిపాల్‌కే రాయండి.