వంటింటి ప్రశ్నలు: ఎసట్లో పడే ఆ మూడు పిడికెళ్లు

ప్రశ్న: మా ఇంట్లో ఐదుగురం. ఎవరైనా వస్తే ఎట్లా అని మా అత్తమ్మ రోజూ రాత్రి మూడు పిడికెళ్ల బియ్యం ఎక్కువ వేయిస్తారు. మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజులు చూసి పారేస్తున్నాను. టమోటాలు చవకైనప్పుడు పెట్టె తెస్తే సగం కుళ్లిపోతున్నాయి. పెద్దావిడ మనసు నొప్పించకుండా ఈ వృథా తగ్గే దారి చెప్పండి.
— ఒక గృహిణి, కర్నూలు

జవాబు: మీ అత్తమ్మ అలవాటును నేను తప్పుపట్టలేను. ఆమె తరం పెరిగిన పల్లె ఇళ్లలో ఆ మూడు పిడికెళ్లు వృథా పోయేవి కావు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లవారి చేనికి పోయేవాళ్లకు సద్ది అయ్యేది. సంగటి ముద్ద మిగిలితే మజ్జిగలో పిసికి తాగేవారు. అప్పటికీ మిగిలినది బియ్యం కడిగిన నీళ్లతోనూ కాయగూరల తొక్కలతోనూ కలిసి కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి బర్రె కడుపులోకి చేరేది. పట్నపు ఇంట్లో దొడ్డి లేదు, కుడితి తొట్టి లేదు, సద్ది కట్టుకుని పోయే మనిషీ లేడు. ఎక్కువ వేసే చేయి మాత్రం పాత కొలతనే పట్టుకుని ఉంది.

ఆ కొలత ఎంతో ఒకసారి ఇద్దరూ కలిసి తూచి చూడండి. మూడు పిడికెళ్లంటే దాదాపు 150 గ్రాముల బియ్యం. ఉడికితే బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది గనుక అది 400 గ్రాముల అన్నం. నెలకు నాలుగున్నర కిలోల బియ్యం. ఏడాదికి అన్నంగా లెక్కిస్తే 146 కిలోలు, అంటే మీ ఐదుగురిలో తలకు 29 కిలోలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదికలో మన దేశపు ఇళ్లలో ఏడాదికి తలకు 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. అందులో సగానికి పైగా మీ ఇంట్లో ఒక్క ఎసట్లోనే పోతోంది.

ఇక దారి. ఆమెను పిడికిలి మూయమనకండి. ఆ మూడు పిడికెళ్లను ఎసట్లో కాకుండా పక్కన ఒక డబ్బాలో వేయమనండి. దేవుడి పేర పూటకు పిడికెడు బియ్యం తీసిపెట్టే వాడుక మన ఇళ్లలో కొత్తది కాదు కాబట్టి, ఆమెకు ఇది పరాయి మాటలా వినిపించదు. చుట్టం వస్తే కుక్కరులో అరగంటలోపే అన్నం అవుతుంది. బొరుగులుంటే ఉగ్గాని అంతకంటే ముందే అవుతుంది. ఎవరూ రాని నెలలో ఆ నాలుగున్నర కిలోలు అన్నదానానికి ఇవ్వవచ్చు. పెద్దావిడ చేత్తోనే ఇప్పించండి.

అయినా కొంత మిగులుతుంది. దాన్ని గిన్నెతో సహా ఫ్రిజ్‌లో తోసి మరిచిపోవడమే మీ ఇంట్లో జరుగుతున్నదని నా అనుమానం. అన్నాన్ని పళ్లెంలో పలుచగా పరచి, ఆవిరి పోగానే మూత ఉన్న డబ్బాలోకి తీసి, తలుపు తీయగానే కంటికి ఎదురయ్యే అరలో పెట్టి, రేపు పొద్దున చిత్రాన్నమని రాత్రే ఇంట్లో అందరికీ చెప్పేయండి.

టమోటాల విషయానికి వస్తే, ధర పడిపోయినప్పుడు పత్తికొండ వైపు రైతులు కాయను రోడ్డు పక్కన పారబోసి కన్నీళ్లతో ఇంటికి పోవడం చూస్తూనే ఉన్నాం. చవకని తెచ్చి మనమూ పారబోస్తే ఆ కష్టానికి మరో అవమానం. పెట్టె రాగానే గుడ్డ మీద కుమ్మరించి ఏరండి. పగిలినవి ఆనాడే ఊరిబిండిలోకి పోవాలి. బాగా పండినవాటిని కోసి, ఉప్పు పట్టించి, కర్నూలు ఎండలో గలగలలాడేదాకా ఎండబెడితే వరుగులవుతాయి. దోరకాయలను తొడిమ వైపు కిందికి ఉండేలా, ఒకదాని మీద ఒకటి పడకుండా నీడలో పరచాలి. ఫ్రిజ్‌లో పెడితే సరిగా పండవు, రుచీ పోతుంది. ఎర్రగడ్డలను, ఉర్లగడ్డలను ఒకే బుట్టలో వేయకండి.

ప్రశ్న: ఎండాకాలంలో బయట ఉంచిన రాత్రి అన్నం పొద్దునకు వాసన రాకపోతే వేడిచేసి తినవచ్చా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తినకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి వెచ్చగా ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాసనతోనూ తెలియదు. వండిన అన్నం రెండు గంటల్లోపు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటలోపే ఫ్రిజ్‌లోకి చేరాలి. మీ ఊళ్లో మే నెల రాత్రులు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర లేదు. మజ్జిగ కలిపి పులియబెట్టిన సద్దికి ఆ పులుపు కొంత కాపు. గిన్నెలో పొడిగా వదిలేసిన అన్నానికి ఆ కాపు లేదు. వృథా కాకూడదన్న పట్టుదలతో దాన్ని పిల్లలకో, ముసలివారికో, గర్భిణులకో పెట్టవద్దు. మిద్దె మీద ఎరువు తొట్టి ఉంటే అందులో పలుచగా చల్లి, పైన ఒక పొర ఎండుటాకులు, గుప్పెడు మట్టి కప్పండి. ఈగలు, వాసన తగ్గుతాయి.