నోటరీ ప్లాటు, మూడు రూపాయల వడ్డీ

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర అద్దెకు ఉంటున్నాం. మా ఆయన ఆటో నడుపుతారు, నేను కంపెనీలో ప్యాకింగ్‌కి వెళ్తాను. ఇద్దరికీ కలిపి నెలకు 32 వేలు. చిట్టీ ఎత్తిన 3 లక్షలున్నాయి. ఊరి చివర 80 గజాలు నోటరీ మీద 7 లక్షలకు ఇస్తామంటున్నారు. మిగతా 4 లక్షలు అక్కడే ఒకాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తాడట. టోకెన్ 20 వేలు ఇచ్చేశాం. ఆటో మీద డైలీ ఫైనాన్స్ కూడా నడుస్తోంది. కొనమంటారా?

జవాబు: వద్దమ్మా.

మీ ఉత్తరంలో ‘అక్కడే ఒకాయన’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. శివార్లలో ఇలాంటి వెంచర్లు చాలావరకు ఒకే తీరుగా పుడతాయి. రైతుకు కొంత బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటారు. ఆ బయానా కూడా ఒక ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చిందే. వడ్డీ పెరుగుతుంటే లేఅవుట్ పర్మిషన్, డ్రైనేజీ అంటూ ఎవరు ఆగుతారు? పత్తి చేలో సున్నం గీతలు గీసి, హద్దు రాళ్లు పాతి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద అమ్మేస్తారు. ఆ కాగితానికి బ్యాంకు లోన్ ఇవ్వదు. కాబట్టి కొనేవాళ్లూ ఆ ఫైనాన్షియర్ దగ్గరికే పోవాలి. రెండు వైపులా వడ్డీ ఆయనదే. మీరు కట్టలేకపోతే ప్లాటూ ఆయనదే, మళ్లీ ఇంకొకరికి ఇంకో నోటరీ.

కొన్నవాళ్లు ఖాళీగా వదిలితే కబ్జా అవుతుందని మరో అప్పు చేసి రేకుల గది వేస్తారు. ముందు ఇళ్లు, తర్వాత నీళ్ల ట్యాంకరు, రోడ్డు ఎప్పటికో. స్లాబు మీద పైకి లేచిన చువ్వలు ఏళ్ల తరబడి తుప్పు పడుతుంటాయి. పై అంతస్తు డబ్బంతా వడ్డీకే పోతుంది మరి. నగరం ఆ వైపు పెరిగేది ఇలాగే.

కాగితం సంగతికొస్తే, వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం), అగ్రిమెంటు అమ్మకాలతో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు కూడా హక్కు పత్రాలు కావు. ‘ఎప్పటికైనా రెగ్యులరైజ్ చేస్తారు’ అని బ్రోకర్ అంటాడు. అనుమతి లేని లేఅవుట్లను రెగ్యులరైజ్ చేసే 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్‌ పథకానికి ఆ ఏడాది ఆగస్టు 26ను కటాఫ్ తేదీగా పెట్టారు, అదీ రిజిస్టరైన ప్లాట్లకు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమైతే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. ఒక నోటరీ కాగితంలో ‘తూర్పున 30 అడుగుల రోడ్డు’ అని చదివి వెళ్లి చూశాను, అక్కడ నాలా ఉంది.

4 లక్షలకు మూడు రూపాయలంటే నెలకు 12 వేలు వడ్డీయే. 34 నెలల్లో అసలంత వడ్డీ కట్టేస్తారు, అసలు కదలదు. అదే అప్పు బ్యాంకు 9 శాతానికి ఇస్తే నెల వడ్డీ 3 వేలు.

ముందు డైలీ ఫైనాన్స్ తీర్చేయండి. చేతికి 8,500 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు తీసుకుంటే అది ఏడాదికి 120 శాతం వడ్డీ. మిగిలిన దాంట్లో ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో పెట్టండి. వడ్డీకి పోవాల్సిన 12 వేలలో 8 వేలు ఆర్డీ కడితే మూడేళ్లకు 2.88 లక్షలు, పైన వడ్డీ. అప్పుడు ఇంకాస్త దూరమైనా, 60 గజాలైనా, రిజిస్టరయ్యేదే కొనండి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి.

టోకెన్ తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, రెండు నెలల వడ్డీ కూడా కాదది.